పొదల వయస్సు – నేలలోని కర్బనము

విద్యార్థులారా! మన పాఠశాల వెనుక కోతపడిన గట్టుమీద రెండేండ్ల క్రిందట మీరును మేమును కలిసి తంగేడు, వెంపలి మొక్కలు నాటితిమి. మొన్నటి తల్లిదండ్రుల సమావేశమున ఒక పెద్దాయన, "అయ్యవారూ, రెండేండ్లయినది, మట్టి అట్లే ఉన్నది. ఆ పొదలు పెరికించి చదును చేయిస్తే పిల్లలకు ఆటస్థలమైనా అవుతుంది గదా!" అనిరి. ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానమును ఈ పాఠమున చెప్పదలచితిమి.

మొదట కర్బనము నేలలోనికి వచ్చు మార్గమును చూతము. ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సహాయమున ఆహారము తయారుచేయును. ఆ వాయువులోని కర్బనమే ఆకుగా, కొమ్మగా, వేరుగా మారును. రాలిన ఆకులను, చచ్చిన వేళ్ళను మట్టిలోని సూక్ష్మజీవులు తినును. అందలి కర్బనములో అధికభాగము మరల వాయువై గాలిలో కలియును. కొంత మాత్రము సేంద్రియ పదార్థమై మట్టిరేణువుల నంటిపెట్టుకొని నిలుచును. ఈ పదార్థములో ఇంచుమించు సగము కర్బనమే. ఇది రేణువులను గడ్డలుగా కూర్చును, నీటిని పట్టి ఉంచును, మొక్కలకు ఆహారమిచ్చును. ఇది హెచ్చుగా నుండునది పైపొరలో. వాన మొదట కోసికొనిపోవునదియు ఆ పైపొరనే.

పోయిన ఈ ధనము పొదలవలన తిరిగి వచ్చునా? ఈ విషయమును విశేషముగా పరిశీలించిన చోట్లలో చైనాలోని లోయెస్ పీఠభూమి యొకటి. గాలి తెచ్చి పేర్చిన మెత్తని ధూళితో ఏర్పడిన ఆ ప్రదేశపు వైశాల్యము సుమారు 6,40,000 చదరపు కిలోమీటర్లు. హ్వాంగ్ హో నదికి 'పసుపు నది' యను పేరు ఆ మట్టివలననే వచ్చినది. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున ఆ నది ఏటేట సుమారు 160 కోట్ల టన్నుల మట్టిని మోసెడిది. 1999లో అచటి ప్రభుత్వము ఏటవాలు పొలములలో సాగు మాన్పించి, రైతులకు ధాన్యమును ధనమును ఇచ్చుచు, చెట్లు, పొదలు, గడ్డి పెంచు పథకము నారంభించెను. విరివిగా నాటిన పొదలలో కారగానా యొకటి. ఇది చిక్కుడు కుటుంబములోనిది. దీని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించును.

ఒక పొదను నలువదేండ్లు కనిపెట్టి యుండుట కష్టము గనుక పరిశోధకులు ఒక ఉపాయము చేయుదురు. ఒకే తీరు మట్టి, ఒకే తీరు వాలు గల నేలలలో వేరు వేరు వయస్సుల పొదలను ఎంచి, వాని క్రింది మట్టిని లోతుల వారీగా తీసి పోల్చుదురు. తాతను, తండ్రిని, మనుమని ఒక వరుసను నిలిపి మనుష్యుని జీవితమును తెలిసికొనుటవంటి దిది.

ఇట్టి పరిశీలనలలో తఱచుగా కనబడు క్రమము ఇది. నాటిన తొలి యేండ్లలో కర్బనము పెరుగకపోవచ్చును. కొన్నిచోట్ల తగ్గును కూడ. గుంటలు త్రవ్వినపుడు మట్టి కదలి, ఉన్న సేంద్రియ పదార్థము త్వరగా కుళ్ళును. లేతపొద రాల్చు ఆకు స్వల్పము. పిమ్మట పొద గుబురై, ఆకుచెత్తను, కొట్టుకొనివచ్చు మట్టిని ఆపును; సన్నని వేళ్ళు ఏటేట చచ్చి మట్టిలో కలియును. అప్పుడు కర్బనము ముందుగా పై 20 సెంటీమీటర్లలోను, తరువాత మెల్లగా లోతునను హెచ్చును. కొన్ని దశాబ్దములకు రాబడియు పోకడయు సమమై, పెరుగుదల మందగించును. వాన తక్కువగు చోట్ల ముదిరిన పొదలు లోతునీటిని త్రాగివేసి తామే క్షీణించును. ఆ పీఠభూమిలో మొక్కల పెంపకము నీటివనరుల హద్దును సమీపించుచున్నదని 2016లో ప్రకటితమైన ఒక పరిశోధన హెచ్చరించెను. కావున ఎన్ని నాటితిమనుటయే గాక, ఎంత నీరున్నదనియు చూడవలెను.

ఇక ఒక లెక్క. ఒక హెక్టారు నేలలో 20 సెంటీమీటర్ల పైపొర 2,000 ఘనమీటర్లు. ఘనమీటరు మట్టి 1.3 టన్నులనుకొన్నచో మొత్తము 2,600 టన్నులు. కర్బనము నూటికి 0.5 పాళ్ళున్న 13 టన్నులు, 0.6 పాళ్ళైన 15.6 టన్నులు. కంటికి కనబడని ఆ మార్పు 2.6 టన్నుల కర్బనము. అనగా సుమారు 9.5 టన్నుల బొగ్గుపులుసు వాయువు.

కాబట్టి ఆ పెద్దాయనకు మా మనవి యిది. రెండేండ్ల పొదను చూచి నేల బాగుపడలేదనుట, విత్తిన మఱునాడు పంట ఏదని అడుగుటవంటిది. ఇప్పుడు పెరికించినచో మట్టి రెండవమాఱు కదలి, మిగిలినదియు వానపాలగును. మన గట్టు లోయెస్ నేల కాదు. మన యెండలకు సేంద్రియ పదార్థము త్వరగా కుళ్ళును. ఇచట ఎన్నేండ్లు పట్టునో మనమే కొలిచి తెలిసికొనవలెను.

విద్యార్థులారా! పొద క్రింది మట్టిగడ్డ నొకదానిని, బోడినేల గడ్డ నొకదానిని తెచ్చి, బాగుగా ఆరబెట్టి, రెండు గాజుగ్లాసుల నీటిలో ఒకేసారి వేయుడు. ఏది ముందు విచ్చిపోవునో చూచి, తేదీని, పొద వయస్సును వ్రాసియుంచుడు. బడి విడిచి వెళ్ళునపుడు ఆ పుస్తకమును క్రింది తరగతివారి చేతి కిండు. పొద ముదురునాటికి మీరిచట ఉండరు. లెక్క మాత్రము ఉండవలెను.