మల్టీకోర్ కంప్యూటర్‌కు ఏ లినక్స్ వేసుకోవాలి?

మన హాస్టల్‌లో చదివి పాలిటెక్నిక్, బీటెక్, ఎంసీఏలలో చేరిన తమ్ముళ్ళు కొత్త కంప్యూటర్ కొనేముందు తరచుగా అడిగే ప్రశ్న: "అన్నా, ఎనిమిది కోర్ల ప్రాసెసర్ తీసుకుంటున్నా. దానికి సరిపోయే లినక్స్ ఏది?" ఈ ప్రశ్నలోనే ఒక తికమక ఉంది. కోర్ల సంఖ్యను బట్టి లినక్స్‌ను ఎంచుకోనక్కరలేదు. చూడవలసిన సంగతులు వేరే ఉన్నాయి.

విండోస్ లేకుండా అమ్మే ల్యాప్‌టాప్ కొంత తక్కువకు దొరుకుతుంది. స్కాలర్‌షిప్ డబ్బులు కూడబెట్టి కొనేవారికి ఆ తేడా చిన్నది కాదు. కానీ ఏదో ఒక లినక్స్ వేసుకుని, వైఫై పనిచేయక, వారం తిరగకుండానే షాపుకు పోయి దొంగ విండోస్ వేయించుకుంటే, దానితోపాటు వైరస్‌లనూ ఇంటికి తెచ్చుకున్నట్టే. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వవలసిన ముందురోజు దాని ఫలితం తెలుస్తుంది.

లినక్స్ అంటే నిజానికి కెర్నెల్ మాత్రమే. ప్రాసెసర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య ఉండి పని పంచే భాగమిది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. ఆ కెర్నెల్‌కు డెస్క్‌టాప్, ఆఫీస్, బ్రౌజర్ వంటివి చేర్చి ఇచ్చే మూటనే డిస్ట్రిబ్యూషన్ అంటాం. డెబియన్, ఉబుంటు, మింట్, ఫెడోరా అలాంటివే. కోర్ల మధ్య పని పంచేది కెర్నెల్ కనుక, ఈ విషయంలో వీటన్నిటికీ పునాది ఒకటే.

ఒకటికి మించిన ప్రాసెసర్లను వాడుకునే శక్తి 1996లో 2.0 కెర్నెల్‌తో వచ్చింది. అప్పట్లో దానికి ఒక ఇబ్బంది ఉండేది. హాస్టల్ స్టోర్ రూముకు తాళంచెవి ఒక్కటే ఉంటే, బియ్యం తీసేవాడు బయటికి వచ్చేదాకా నూనె కావలసినవాడు గుమ్మం దగ్గర నిలబడాలి కదా! కెర్నెల్ లోపలికి వెళ్ళడానికి కూడా అలాంటి ఒకే తాళం ఉండేది. దాని పేరు బిగ్ కెర్నెల్ లాక్. క్రమంగా గదిగదికీ వేరే తాళాలు వేస్తూ వచ్చి, 2011లో 2.6.39 కెర్నెల్‌తో ఆ పెద్ద తాళాన్ని పూర్తిగా తీసేశారు. లైబ్రరీలోని పాత పుస్తకాల్లో "ఎస్ఎంపీ కెర్నెల్ విడిగా వేసుకోండి" అని కనబడితే పట్టించుకోకండి. ఇప్పుడు ఆ అవసరం లేదు.

మరి కోర్లు పెరిగితే వేగం అన్ని రెట్లు పెరుగుతుందా? పెరగదు. నలుగురు కూర్చుంటే కూరగాయలు పావు వంతు సమయంలో తరగవచ్చు. అన్నం మాత్రం పదిమంది చుట్టూ నిలబడినా తన సమయానికే ఉడుకుతుంది. జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇదే. పనిలో నాలుగో వంతు పంచుకోలేనిదైతే, నాలుగు కోర్లతో వచ్చే వేగం 1 ÷ (0.25 + 0.75/4), అంటే సుమారు 2.3 రెట్లు. ఎనిమిది కోర్లతో 2.9. ఎన్ని కోర్లు పెట్టినా నాలుగు రెట్లు దాటదు. అందుకే డబ్బు పరిమితంగా ఉంటే రెండు కోర్లు తగ్గించుకుని ర్యామ్ పెంచుకోమంటాను. ఎనిమిది ఫైళ్ళను ఒకేసారి కంపైల్ చేయిస్తే ఎనిమిదింటికీ జాగా కావాలి. 4 జీబీ ర్యామ్ మీద ఆ పని మొదలుపెడితే మౌస్ కూడా కదలకపోవచ్చు.

అసలు చూడవలసింది కెర్నెల్ వయసు. మీ యంత్రం ఎంత కొత్తదో కెర్నెల్ అంతకంటే కొత్తదై ఉండాలి. 2021 చివర్లో వచ్చిన ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లలో చాలావాటికి రెండు రకాల కోర్లుంటాయి. కొన్ని వేగానికి, కొన్ని కరెంటు పొదుపుకు. ఏ పని ఏ కోర్‌కు తగినదో ప్రాసెసర్ ఇచ్చే సూచనను అందుకునే ఏర్పాటు 2022లో 5.18 కెర్నెల్‌తో మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఉబుంటు 22.04 మాత్రం 5.15తో విడుదలైంది. పాత కెర్నెల్ మీద కూడా కోర్లు నడుస్తాయి, కానీ కొత్త వైఫై చిప్ అసలే కనబడకపోవచ్చు.

అలాగని అన్నిటికంటే కొత్తదాని వెంట పడటమూ మంచిది కాదు. ఫెడోరాలో కెర్నెల్ తాజాగా ఉంటుంది, కానీ ఒక్కో విడుదలకు మద్దతు 13 నెలలే. సెమిస్టర్ మధ్యలో అప్‌గ్రేడ్ పెట్టుకోవడం నాకు నచ్చదు. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 వరకు మద్దతు ఉంది. విండోస్‌కు అలవాటుపడిన చేతికి అది సులువు. మొదటిసారి వేసుకునేవారికి నా ఓటు దానికే. ర్యామ్ తక్కువైతే అందులోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. ఉద్యోగానికి సర్వర్లు నేర్చుకోదలచినవారు డెబియన్ వేసుకోవచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 6.12 కెర్నెల్ ఉంది. వీటన్నిటిలో తెలుగు చదవవచ్చు, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేయవచ్చు.

హార్డ్‌డిస్క్‌ను ముట్టుకునేముందు పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపి చూడండి. వైఫై, శబ్దం, వెలుతురు తగ్గించే బటన్లు, మూత మూసి తెరిస్తే మేల్కొనడం, అన్నీ పరీక్షించండి. టెర్మినల్‌లో ఎన్-పీ-ఆర్-ఓ-సీ అని చిన్న అక్షరాల్లో కొడితే ఎన్ని పనులు ఒకేసారి నడపగలదో అంకె వస్తుంది. ఒక్కో కోర్ రెండు పనులు పట్టే రకమైతే ఆ అంకె కోర్ల సంఖ్యకు రెట్టింపు ఉంటుంది. షాపువాడు ఆ అంకె చూపించే "ఎనిమిది కోర్లు" అనవచ్చు, జాగ్రత్త. మింట్ ఫైలు సుమారు 3 జీబీ ఉంటుంది. నెట్ ఉన్నవారు ఒకరు దింపితే చాలు, ఆ పెన్‌డ్రైవ్‌ను రూము రూముకూ తిప్పుకుని అందరూ వేసుకోవచ్చు. దీనికి లైసెన్సే అనుమతి ఇస్తుంది.