సోమవారం సమాచారం ఎవరూ చదవడం లేదు!

ప్రశ్న: మదీనాగూడలో సౌరవిద్యుత్తుపై పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది. ప్రతి సోమవారం సిబ్బందికి సమాచారం రాసి పంపుతాను. ఎవరూ చదవడం లేదండీ. ఏం మార్చాలి?

జవాబు: ఎవరు ఏ మీటింగుకు వెళ్లారన్న వివరాలు తీసేయండి. పోయిన వారం నుంచి ఏం మారింది, దానివల్ల ఎవరేం చేయాలి అన్నది ముందు రాయండి.

మీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లే ఎక్కువ. అక్కడ మీవాళ్లను మొదట అడిగేది సబ్సిడీ గురించే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సొంతింటికి 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78,000 రూపాయలు ఇస్తారు. అపార్ట్‌మెంటు సంఘం ఉమ్మడి అవసరాలకు పెట్టుకుంటే లెక్క వేరు, కిలోవాటుకు 18,000. ఈ తేడా తెలియక ఒక్కరు తప్పు చెప్పినా ఆ సంఘం మళ్లీ మిమ్మల్ని నమ్మదు. ఇలాంటివి మీ సమాచారంలో పైనే ఉండాలి.

అంకెల విషయంలో మొహమాటం వద్దు. దరఖాస్తు పెట్టిన ఇల్లు, ప్యానెళ్లు బిగించిన ఇల్లు, నెట్‌మీటరు వచ్చిన ఇల్లు ఈ మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టండి. కలిపేసి పెద్ద అంకె చూపిస్తే దాతల కంటే ముందు మీవాళ్లే మోసపోతారు. 2030కల్లా అదనంగా 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు అన్నది తెలంగాణ 2025 ఇంధన విధానంలోని లక్ష్యం. దాన్ని సాధించినట్టు రాయకండి.

విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలకు అభ్యంతరాలు పంపే గడువును మాత్రం మొదటి వరుసలోనే పెట్టండి. ఆగిపోయిన పనులనూ, అవి ఎందుకు ఆగాయో కారణంతో సహా రాయండి.