కంప్యూటరు లేతు - మోటారు బండి భాగములు

గ్రామమున ట్రాక్టరు నిలిచిపోయినచో, కారణము తరచుగా అరచేత ఇముడునంతటి ఇనుప ముక్కయే. అది ఆ పూట దొరకినచో దుక్కి సాగును. దొరకనిచో పదును ఆరిపోవును. తెలంగాణలో పల్లె ప్రగతి కార్యక్రమము వలన గ్రామ పంచాయతీలకే ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. బండి పంచాయతీది అయినప్పుడు దాని మరమ్మతు బిల్లుపై సంతకము కూడ పంచాయతీదే. కనుక బండి భాగములు నేడు ఎట్లు తయారగుచున్నవో సభ్యులు తెలిసికొనుట అవసరమని తలచి ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఈ విషయమున మాకు శ్రద్ధ కలుగుటకు కారణము మాకు కలిగిన ఒక ఇబ్బంది. కొన్ని యేండ్ల క్రిందట మా ప్రచార వాహనము ముందు చక్రములు అదరసాగినవి. దానిని తయారు చేసిన కంపెనీ ఆ నమూనాను ఎన్నడో మానివేసినది. చెడినది కింగు పిన్ను. లారీలు నడుపు వారికి ఈ పేరు తెలియును. ముందు చక్రము కుడి ఎడమలకు తిరుగుటకు ఆధారమైన నిలువు ఉక్కు కడ్డీయే కింగు పిన్ను. దాని మధ్య భాగము ఇరుసు కంటిలో బిగిసియుండును. పై కొన, క్రింది కొన మాత్రము బుష్షులలో ఆడుచుండును. అరుగుదల ఆ రెండు కొనలకే.

పిన్ను బజారులో దొరకలేదు. దగ్గరి పట్టణములో ఒక లేతు వద్దకు పాత పిన్నును పంపితిమి. అక్కడి పనివాడు దానిని ముందు పెట్టుకొని అచ్చముగా అటువంటి దానినే తీసి ఇచ్చెను. బుష్షులు కొత్తవి వేసిరి. పది దినములు గడవకమునుపే అదురు తిరిగి వచ్చినది. ఒకనాటి సాయంత్రము తల్లీబిడ్డల ఆరోగ్యముపై చిత్ర ప్రదర్శనకు పోవుచుండగా, కల్వర్టు వద్ద మలుపులో స్టీరింగు మాట వినక బండి రోడ్డు దిగి తుమ్మ చెట్టునకు జానెడు దూరములో ఆగినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని ఆ గ్రామమున తల్లులు చంటిబిడ్డలతో పాఠశాల ఆవరణలో రాత్రి పది గంటల వరకు మా కొరకు కూర్చుండిరని మరునాడు తెలిసి సిగ్గుపడితిమి.

పనివాని చేతిలో లోపము లేదు. అతడు పాత పిన్నును నమ్మకముగా నకలు చేసెను. దానితోపాటు ఇన్నేండ్ల అరుగుదలను కూడ నకలు చేసెను! మొదట 20 మిల్లీమీటర్లు ఉండవలసిన కొనలు అరిగి 19.70 అయినవి. అతడు 19.70కే తీసెను. ఈ 0.30 మిల్లీమీటరు మన కంటికి ఆనదు. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. తల వెండ్రుక మందము సుమారు 50 నుండి 100 మైక్రానులు. అనగా మూడు నుండి ఆరు వెండ్రుకల సందు. ఆ సందు పిన్ను వద్ద చిన్నదే. చక్రపు అంచుకు చేరుసరికి పలురెట్లు పెరిగి బండినే ఊపివేయును.

రెండవసారి కంప్యూటరు లేతు ఉన్న వర్కుషాపునకు పోయితిమి. పోగానే యంత్రము మీట నొక్కుదురని ఎదురు చూచితిమి. అక్కడి పెద్ద మేస్త్రీ యంత్రము వంక చూడనైన చూడలేదు. పిన్నును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, మైక్రోమీటరుతో అరగంట సేపు కొలుచుచు కూర్చుండెను. "అరిగిన చోట కొలిస్తే అరుగుదలే తెలుస్తుంది, అయ్యా, అరగని చోట కొలవాలి" అని మధ్య భాగమును చూపెను. అది బిగింపులో ఉండుటచే అరుగలేదు. అక్కడ 20 మిల్లీమీటర్లు సరిగా వచ్చినది. కొత్త బుష్షుల రంధ్రములను, ఇరుసు కన్నును కూడ కొలిచి, అంకెలన్నియు ఒక కాగితముపై వ్రాసికొనెను. కంప్యూటరు పని అటుపిమ్మటనే మొదలైనది.

సాధారణ లేతులో పనివాడు రెండు చేతులతో రెండు చక్రములను త్రిప్పుచు, తిరుగుచున్న ఇనుము మీదికి టూలును నడిపించును. ఎంత త్రిప్పవలెనో చేయి చెప్పును, కన్ను చెప్పును, అనుభవము చెప్పును. కంప్యూటరు లేతులో ఆ చక్రముల స్థానమున మోటారులుండును. టూలు ఎంత దూరము జరిగినదో ఎప్పటికప్పుడు కంప్యూటరునకు తెలియుచుండును. జరుగవలసిన దూరమునకు, జరిగిన దూరమునకు తేడా ఉన్నచో అది వెంటనే మోటారును సరిదిద్దును. లేతుకు ముఖ్యముగా రెండు దిక్కులు: నిడివి, అడ్డము. మిల్లింగు యంత్రమునకు ఎత్తు కూడ కలిసి మూడు. పొలమునకు సర్వే రాళ్లు హద్దులు చూపునట్లు, ఈ అంకెలు ఇనుములో టూలు పోవలసిన హద్దులను చూపును.

కంప్యూటరునకు ఇచ్చు ఆజ్ఞలు పొట్టి పొట్టి పంక్తులు. 'జి 00' అన్నచో కోయకుండ వేగముగా జరుగుము. 'జి 01' అన్నచో తిన్నగా కోయుచు జరుగుము. 'జి 02', 'జి 03' అన్నచో వంపుగా కోయుము. 'ఎం 03' అన్నచో యంత్రమును త్రిప్పుము. 'ఎం 08' అన్నచో చల్లార్చు ద్రవమును వదలుము. పదవ తరగతి లెక్కలు బాగుగా వచ్చిన వారికి ఇది అందని పండు కాదు.

ఇది మన నేతగాండ్రకు పూర్తిగా కొత్త విద్యయు కాదు. ధర్మవరపు మగ్గములపై జాకార్డు అట్టలను సభ్యులలో అనేకులు చూచియుందురు. అట్టలో రంధ్రమున్న చోట ఒక పోగు లేచును, లేని చోట లేవదు. అంచులోని బుటా దానంతటదే పడును. ఫ్రాన్సు దేశీయుడైన జాకార్డు 1804 ప్రాంతమున ఈ పద్ధతిని రూపొందించెను. అమెరికాలో మిచిగన్ రాష్ట్రమునకు చెందిన జాన్ పార్సన్స్ హెలికాప్టరు రెక్కల తయారీలో వంపులను అంకెలతో నడుపు ఆలోచన చేసెను. 1949లో అక్కడి వైమానిక దళము అందుకు ధనమిచ్చినది. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారు అంకెలతో నడచు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. దానికి ఆజ్ఞలు ఇచ్చినది రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీ! తరువాత పట్టీ పోయి కంప్యూటరు వచ్చినది.

ఇట్లు చేయుట వలన లాభమేమి? వేగమొక్కటియే కాదు. మొదటి భాగము, నూరవ భాగము ఒకే కొలతకు వచ్చును. దేనిని తీసి ఎక్కడ బిగించినను సరిపోవును. ఈ సుగుణము యొక్క విలువను లోకమునకు చాటిన పరీక్ష 1908లో ఇంగ్లండులో జరిగినది. మూడు కాడిలాక్ కార్లను ముక్క ముక్కలుగ విప్పి, భాగములను కలగలిపి, ఆ కుప్ప నుండి తిరిగి మూడు కార్లను బిగించి 500 మైళ్లు నడిపిరి. ఆనాటికి కంప్యూటరు పుట్టలేదు. కొలతను గౌరవించు క్రమశిక్షణయే ఆ పని చేసినది. కంప్యూటరు ఆ క్రమశిక్షణకు అలసట లేకుండ చేసినది.

నేడు మన ప్రాంతమునకు ఇది దూరపు కథ కాదు. పెనుకొండ సమీపమున కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. కొత్త కార్లలో సిలిండరు గోడలు, క్రాంకు ఇరుసులు, బ్రేకు చక్రములు వంటి వానిని ఎక్కడైనను ఇట్టి యంత్రములపైననే వేల సంఖ్యలో తీయుదురు. అదే యంత్రము పాత బండికి ఒక్క ముక్కను కూడ తీయగలదు. మన అధికారులను, పెండ్లికొడుకులను ఒకే విధముగ మోసిన అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. అంతకు పూర్వపు నమూనాల సంగతి చెప్పనక్కరలేదు. పటములు దొరకని అట్టి బండ్ల భాగములను కొలిచి, అరుగుదలను లెక్కకట్టి, కొత్త పటము గీసి, తిరిగి తయారు చేయుచున్నారు. యంత్రము మార్చనక్కరలేదు; ఆజ్ఞల వరుసను, టూలును, పట్టును మార్చిన చాలును.

అయితే ఖర్చు సంగతి గమనింపవలెను. ఆజ్ఞలు వ్రాయుటకు, యంత్రమును సిద్ధపరచుటకు గంటలు పట్టును. తరువాత ఒక్కొక్క ముక్కకు నిమిషములే. అందుచే ఒక్క ముక్క చేయించుకొనుట ఖరీదు. ఏబది చేయించుకొన్నచో ధర తగ్గును. ఒకే నమూనా ట్రాక్టరుగల నాలుగు గ్రామముల వారు కలిసి అడిగినచో మేలని మా అభిప్రాయము.

కంప్యూటరునకు తెలియని సంగతులు కూడ కలవు. మెత్తని ఇనుమును ఇచ్చినను అది అంతే అందముగా తీయును. మా మొదటి పిన్నులో రెండవ లోపమిదే: పైపొరను గట్టిపరచలేదు. మేస్త్రీ ఈసారి సరియైన ఉక్కును ఎంచి, కొలతకు కొంచెము మిగిల్చి తీసి, కాల్చి గట్టిపరపించి, అటుపిమ్మట సానపట్టించి 20 మిల్లీమీటర్లకు తెచ్చెను. తప్పు కొలత ఇచ్చినచో యంత్రము నూరు తప్పు ముక్కలను మారు పలుకక తీసి పెట్టును.

కావున పంచాయతీవారు భాగములు చేయించునప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసికొనవలెను. కంపెనీ భాగము దొరకుచున్నంత వరకు, ముఖ్యముగా బ్రేకులకు, స్టీరింగునకు, దానినే కొనవలెను. గ్యారంటీలో ఉన్న బండిని బయట విప్పించరాదు. చేయింపక తప్పనిచో ఏ ఉక్కు వాడిరో, గట్టిపరచిరో లేదో, తుది కొలత ఎంతయో బిల్లుపైననే వ్రాయించుకొనవలెను. పాత ముక్కను తప్పక తిరిగి తెచ్చుకొనవలెను.

ఇక పిల్లల సంగతి. కంప్యూటరు అనగానే కుర్చీలో కూర్చుండి చేయు ఉద్యోగమని తల్లిదండ్రులు తలచుచున్నారు. చేతులకు నూనె అంటు కంప్యూటరు పని కూడ కలదని వారికి చెప్పవలెను. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లలో టర్నరు, మెషినిస్టు శిక్షణలు కలవు. హైదరాబాదు బాలానగరులో 1968లో స్థాపింపబడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఇట్టి యంత్రములపై శిక్షణ ఇచ్చుచున్నది. బాలికలును చేరవచ్చును, ఇందు కావలసినది కండబలము కాదు. ఫీజు కట్టుటకు ముందు, ఎక్కడనైనను, ఒక ప్రశ్న అడుగుడు: విద్యార్థి యంత్రము వద్ద ఎన్ని గంటలు నిలుచును? తెరపై బొమ్మలు మాత్రము చూపి పంపు స్థలములు కూడ ఉన్నవి. మైక్రోమీటరు పట్టుట నేర్పనిచోట మిగిలినది నేర్చియు ప్రయోజనము తక్కువ.

మా వాహనమునకు ఆనాడు నాలుగు పిన్నులు చేయించితిమి. రెండు బిగించినారు, బండి మరల అదరలేదు. కొంత కాలమునకు అది మావలెనే వయస్సు మీరి ఉద్యోగ విరమణ చేసినది. మాకు ఇంకను కొన్ని యేండ్లు కలవు. మిగిలిన రెండు పిన్నులు గ్రీజు పూసిన కాగితములో చుట్టబడి మా కార్యాలయపు బీరువాలో ఉన్నవి. మేస్త్రీ వ్రాసిన కొలతల కాగితము కూడ వాని చెంతనే కలదు.