సంతలోనే తిను, అబ్బీ

ప్రొద్దుటూరు



నువ్వు సింగపూరు చేరి నెల దాటినా ఇంకా గదిలోనే కుక్కరు పెట్టుకొని, ఆవకాయ, కందిపొడితో కాలం గడుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎప్పుడైనా దోశ మీదికి మనసు పోతే పెద్ద హోటలుకు పోయి, బిల్లు చూసి ఉసూరుమంటున్నావట. పదో తరగతి కాగానే ఇల్లు విడిచి, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆరేళ్లు మెస్సు కూడు తిన్నవాడివి. బయటి తిండి నీకు కొత్తేమీ కాదు. అయినా నువ్వు అట్లా తలుపేసుకొని తింటుంటే నాకు మనసొప్పడం లేదు.

ఈ ఆదివారం పొద్దున్నే టెక్కా సెంటరుకు పో. లిటిల్ ఇండియా రైలు స్టేషను పక్కనే. మీ అక్క అక్కడ కాపురమున్నప్పుడు నన్ను మొదట తీసుకుపోయిన చోటు అదే. కింద ఒక పక్క చేపలు, మాంసం, కూరగాయల మార్కెట్టు. ఇంకో పక్క వరుసగా చిన్న చిన్న తిండి అంగళ్లు. పైన చీరలు, దర్జీలు. నువ్వు ముందు మార్కెట్టు వైపే పో. మునక్కాయలు, కరివేపాకు, అరిటాకులు చూస్తే ప్రాణం కుదుటపడుతుంది. ఆ తర్వాత తిండి వైపు తిరుగు.

పెద్ద హోటలు వద్దని, సంతలో అంగడికి పొమ్మని ఎందుకు చెబుతున్నానో విను. మన ఊళ్లో కారం దోశ యాడ బాగుంటుందని అడిగితే, తెలిసినవాడెవడూ ఏసీ హోటలు చూపించడు. తెల్లారుజామున కూరగాయల మూటలు దించే హమాలీలు ఎక్కడ తింటారో అక్కడికే పొమ్మంటాడు. ఎండుమిరప, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి నూరిన ఎర్రకారాన్ని పెనం మీది దోశకు గరిటె వెనకతో పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచులు ఎర్రబడేదాకా ఓపిక పట్టే మనిషి ఉండేది అక్కడే. హమాలీ రోజూ వచ్చే బేరం. ఒకరోజు చట్నీ పులిసిందంటే మరుసటి రోజు పక్కంగడికి పోతాడు. సరుకు ఎదురుగానే దొరుకుతుంది, ఆ పూటకు తెచ్చింది ఆ పూటకే అయిపోతుంది. రుచిని నిలబెట్టేది ఈ రెండే: రోజూ తినేవాడి నాలుక, ఆరోజుటి సరుకు.

సింగపూరులోనూ అంతే. అక్కడి అంగళ్లవాళ్లు ఒకప్పుడు వీధుల్లో బండ్లు తోసినవాళ్లు, కావళ్లు మోసినవాళ్లు. 1971 నుంచి 1986 దాకా అక్కడి ప్రభుత్వం కప్పు, కుళాయి, మురుగు కాలువ ఉన్న కేంద్రాలు కట్టి వాళ్లను అందులోకి చేర్చింది. చాలాచోట్ల మార్కెట్టునూ అందులోనే కలిపింది. ఆ తిండి సంస్కృతిని 2020 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాకు ఎక్కించింది. మన దగ్గర తోపుడు బండ్ల వాళ్లను తరమడమే చూసినవాణ్ని నేను. వాళ్లకొక నీడ కట్టించవచ్చని చూపించిన ఊరు గనుక దానిమీద నాకు గౌరవం.

చికెన్ రైసు తప్పకుండా తిను. చైనాలోని హైనాన్ దీవి నుంచి వలస వచ్చినవాళ్లతో పుట్టిన వంట అది. చూడ్డానికి తెల్లగా, చప్పగా కనబడుతుంది. మన కారం నోటికి మొదటి ముద్దలో ఏమీ తెలియదు కూడా. కోడిని తెర్లనీయకుండా, సన్నమంట మీద నీళ్లలో ఉడికించి, తీసి చల్లనీళ్లలో ముంచుతారు. తోలు బిగుసుకొని, లోపలి కండ మెత్తగా నిలుస్తుంది. ఆ కోడి ఉడికిన నీళ్లతోనే, అల్లం, తెల్లగడ్డ, కోడికొవ్వు, పాండన్ ఆకు వేసి అన్నం వండుతారు. అసలు రుచి ఆ అన్నంలో ఉంది. ముందు అన్నం ఒక్కటే ఒక చెంచా తిను. తర్వాత పక్కన పెట్టిన మిరపకాయ పచ్చడి, అల్లం ముద్ద నంజుకో. నాటుకోడి పులుసు, రాగిసంగటి తిని పెరిగిన నాకు కోడిని ఇట్లా కూడా గౌరవించవచ్చని అక్కడే తెలిసింది.

సాయంత్రం పూట లావ్ పా సాట్ వైపు పో. అదీ పాత మార్కెట్టే, 1894 నాటి పోత ఇనుప స్తంభాల కట్టడం. పక్క వీధిలో బొగ్గుల మీద మాంసం ముక్కలు గుచ్చిన సతే పుల్లలు కాలుస్తుంటారు. వాటికి ఇచ్చే గుజ్జు బుడ్డలతో చేసిందే. ఊరుబిండి తిన్న నోరు నీది, ఆ గుజ్జు వెంటనే పట్టుకుంటుంది. బుడ్డలూ మిరపకాయలూ మనకూ వాళ్లకూ అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చినవే.

చైనాటౌన్ కాంప్లెక్సు సంగతి కూడా విను. నేలమాళిగలో మార్కెట్టు, పైన రెండు వందలకు పైగా అంగళ్లు. అందులో చాన్ హాన్ మెంగ్ అనే ఆయన సోయా కోడి, అన్నం అమ్మేవాడు. మంచి హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ 2016లో ఆ చిన్న అంగడికి నక్షత్రం ఇచ్చింది. అప్పుడు ఆ పళ్లెం ధర రెండు సింగపూరు డాలర్ల ప్రాంతం. ఏళ్ల తరబడి ఒకే వంట మీద చెయ్యి పెట్టిన మనిషి ఎంత దూరం పోగలడో చూడు.

అక్కడి పద్ధతులు కొన్ని. బల్ల మీద టిష్యూ పొట్లం ఉంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టు లెక్క, కూర్చోవద్దు. తిన్నాక ట్రే నువ్వే తీసుకుపోయి పెట్టాలి, 2021 నుంచి పెట్టకపోతే జరిమానా కూడా ఉంది. హలాల్ ట్రేలకు వేరే చోటు ఉంటుంది, కలపవద్దు. నువ్వు తినని మాంసం ఏదైనా ఉంటే ముందే అడుగు, వాళ్లేమీ అనుకోరు. పెద్దవాళ్లను అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. జనం ఎక్కువున్న వరుసలో నిలబడు. వరుసలో ముసలివాళ్లుంటే ఇంకా మంచిది.

రోజుకో అంగడి అని తిరగవద్దు. నచ్చినచోటికి మళ్లీ మళ్లీ పో. కొన్నాళ్లకు నువ్వు నోరు తెరవకముందే కారం ఇంకొంచెం వేసి ఇస్తారు. తెలుగువాళ్లు కావాలనిపిస్తే 1975 నుంచి అక్కడ తెలుగు సమాజం ఉంది, ఉగాదికి తప్పకుండా పో. కానీ రోజూ నీ పక్కన కూర్చొని తినేది మలయ్‌వాళ్లు, చైనావాళ్లు, తమిళులు. వాళ్లు ఏం తింటారో తెలియకుండా వాళ్ల నడుమ ఏళ్లు ఎట్లా గడుపుతావు?

మీ పెద్దమ్మ ఇంట్లో ఆ చికెన్ రైసు చేస్తానని పట్టు పట్టింది. పాండన్ ఆకు ఇక్కడ దొరకదు, అది లేకుండా ఏం వేయవచ్చో, కోడిని నీళ్లలో ఎంతసేపు ఉంచాలో అంగడామెను అడిగి రాయి. కోడి బరువు కూడా అడుగు.

ఇట్లు,
మీ పెదనాయన