ముందు అట్ట మీద ‘మినరల్’, వెనక అట్ట మీద ఏముంది?

ఎండకి రాసుకునే క్రీములు పడక దద్దుర్లు, మంట వచ్చేవాళ్లు ఈమధ్య ‘మినరల్ సన్‌స్క్రీన్’ అని రాసి ఉన్నది వెతుక్కుని మరీ కొంటున్నారు. అందులో అర్థముంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజాల పొడులు సున్నితమైన చర్మానికి సాధారణంగా పడతాయి. ఆక్సిబెంజోన్ వంటి రసాయనాలు కొందరికి పడవు. ఆ ఒక్క మాటను నమ్మి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి కొన్నామంటే, చర్మం సంగతితో పాటు చట్టం సంగతీ అక్కడే మొదలవుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో సరుకు పాడైతేనే లోపం అనుకోనక్కర్లేదు. అమ్మేవాడు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత అందులో లేకపోయినా అది లోపమే. కాబట్టి కంపెనీ తన మాటతో తనే కొలబద్ద తయారుచేసి మన చేతికిస్తోంది.

ఆ కొలబద్దతో కొలవాలంటే పెట్టె వెనక్కి తిప్పాలి. పదార్థాల జాబితాలో ఒక శాతానికి మించినవి ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా ఉంటాయి. జింక్ ఆక్సైడ్ పైన నాలుగైదు పేర్లలో కనిపించిందా, సువాసన నూనెల సరసన అట్టడుగున దాక్కుందా చూడండి. ఈథైల్‌హెక్సైల్ మెథాక్సిసిన్నమేట్, బెంజోఫినోన్-3 లాంటి నోరు తిరగని పేర్లుంటే అవి రసాయన రకాలు. రెండోది ఆక్సిబెంజోనే, వేషం మార్చుకుందంతే. ‘జింక్ ఆక్సైడ్‌తో’ అని మాత్రమే రాస్తే ఇవి కూడా కలిపినంత మాత్రాన అబద్ధమనలేం. ‘నూటికి నూరు పాళ్లు మినరల్’ అని రాసి ఇవి కలిపితే కథ వేరు. లేబుల్ మీద ఏ ఒక్క వివరం అబద్ధమైనా, తప్పుదోవ పట్టించేదైనా ఆ సౌందర్య సాధనాన్ని 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 17సి సెక్షన్ మిస్‌బ్రాండెడ్ సరుకుగా లెక్కేస్తుంది.

‘వెనక అన్నీ అచ్చు వేశాం, చదువుకోకపోతే మా తప్పా?’ అని కంపెనీ అడగవచ్చు. చదువుకోవడం మన జాగ్రత్త, నిజమే. కానీ వెనక ఉన్న చిన్నక్షరాలు ముందున్న పెద్దక్షరాల అబద్ధాన్ని కడిగెయ్యలేవు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో చేసే వివరణ అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో ఊరించి, ఇంగ్లీషులో తప్పించుకోవడం కుదరదన్నమాట.

‘ఒక్కొక్కరి చర్మం ఒక్కోలా ఉంటుంది’ అన్న రెండో జవాబులో బలముంది. అసలైన మినరల్ క్రీమే అయినా అందులోని సువాసన పడక దద్దుర్లు రావచ్చు. అంతమాత్రాన నష్టపరిహారం రాదు. కానీ ‘సువాసన కలపలేదు’ అని స్పష్టంగా హామీ ఇచ్చి కలిపితే, ఆ హామీ ఇవ్వడంలో మా అజాగ్రత్త లేదని తయారీదారు నిరూపించుకున్నా వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ కింద బాధ్యత తప్పదు. ఆ క్రీమే కారణమని చూపించాల్సింది మాత్రం మనమే. ట్యూబు, బిల్లు, దద్దుర్ల ఫొటోలు, డాక్టరు చీటీ దగ్గరుండాలి. చాలామంది మొదటి రోజే చెత్తబుట్టలో పడేసే అట్టపెట్టె కూడా ఉంచుకోవాలి, జాబితా తరచు దాని మీదే ఉంటుంది. కొన్న సరుకును రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకుని, సంతకం చేసిన నివేదిక పొందే హక్కు ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 26వ సెక్షన్ మామూలు మనిషికీ ఇచ్చింది. ఈ సెక్షన్ ఉందని తెలిసినవాళ్లే తక్కువ.

ఏడొందల ట్యూబు కోసం కోర్టు మెట్లెక్కుతామా అంటారు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. తేలకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కొంటే ‘తెరిచిన క్రీము వాపసు తీసుకోం’ అంటారు. చెప్పిన లక్షణాలు లేని సరుకును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. తిప్పి పంపే ముందు మాత్రం పెట్టె నాలుగు వైపులా, బ్యాచ్ నంబరుతో సహా ఫొటోలు తీసుకోండి. ట్యూబు వెళ్లిపోయాక మీ చేతిలో మిగిలే సాక్ష్యం అవే.