నూనె మిల్లు యజమానికి ఆరునెలల లెక్క

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనని పెద్దల మాట. ఇంటికి చెప్పిన ఈ మాట మిల్లుకు మరింత వర్తించును. పండుగ గిరాకీ గడప ఎక్కిన తరువాత కూలీల కొరకు, కాయ కొరకు పరుగెత్తువాడు నష్టపోవును. రాబోవు నెలలలో ఎంత తయారు చేయవలెను, ఎందరిని పెట్టుకొనవలెను, ఎంత నిల్వ ఉంచవలెను అని ముందుగా లెక్క కట్టుటకు ‘సమష్టి ఉత్పత్తి ప్రణాళిక’ అని పేరు. పేరు పెద్దదే గాని, చిట్టా వ్రాయగల ప్రతివారికి అందు విషయమే.

కొత్త ఎక్స్‌పెల్లరు కొనవలెనా వద్దా అనునది సంవత్సరముల మీద ఆలోచించు పని. రేపు ఏ మర దగ్గర ఎవరు ఉండవలెను అనునది ఏ రోజుకారోజు తేల్చుకొను పని. ఈ రెంటికి నడుమ, మూడు నెలలు మొదలు ఏడాదిన్నర వరకు చూచునది ఈ ప్రణాళిక. ఇందులో యంత్రములు ఉన్నవి ఉన్నట్లే ఉండును. మార్చదగినవి మనుషులు, పనిగంటలు, నిల్వ. ‘సమష్టి’ అనగా అన్ని సరకులను ఒకే కొలతకు తెచ్చుట. మిల్లులో అర లీటరు ప్యాకెట్టు, లీటరు ప్యాకెట్టు, 15 కిలోల డబ్బా వేరువేరుగా అమ్ముడుపోయినను, ప్రణాళికలో అన్నిటిని డబ్బాల లెక్కకు మార్చి చూచుకొనవలెను.

2007లో కోలారు నుండి విడివడి ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో బాగేపల్లి, చింతామణి ప్రాంతములది మెట్ట సేద్యము. వాన పడిన జూన్, జూలైలలో వేసిన వేరుశనగ అక్టోబరు, నవంబరులలో చేతికి వచ్చును. అయితే నూనెకు గిరాకీ శ్రావణము నుండి పెరుగుచు దసరా, దీపావళి నాటికి శిఖరమెక్కును. అనగా గిరాకీ హెచ్చుగా ఉన్నప్పుడు పాత పంట అడుగంటును, కొత్త పంట ఇంకను అంగడికి చేరియుండదు. పంట లెక్క ఒక దారి, గిరాకీ లెక్క ఒక దారి. ఈ రెంటిని కలుపుటయే యజమాని నేర్పు.

ఒక చిన్న మిల్లును ఉదాహరణకు తీసుకొందము. అంకెలు లెక్క తెలియుటకు ఊహించినవి. అమ్మకము మేలో 400 డబ్బాలు, జూన్‌లో 400, జూలైలో 500, ఆగస్టులో 700, సెప్టెంబరులో 700, అక్టోబరులో 900. మొత్తము 3,600, సగటున నెలకు 600. ఒక్కొక్క పనివాని వంతుకు నెలకు 100 డబ్బాలు. ప్రస్తుతము ఆరుగురు ఉన్నారు. ఒక డబ్బా ఒక నెల నిల్వ ఉన్నచో వడ్డీ, గోదాము, కారుడు కలిపి 40 రూపాయలు. కొత్తవానిని చేర్చుకొని పని నేర్పుటకు 4,000. ఉన్నవానిని పంపివేసినచో 5,000.

మొదటి దారి సమానముగా నడుపుట. ఆరుగురితో ప్రతి నెల 600 డబ్బాలు తీసినచో నెలాఖరు నిల్వలు వరుసగా 200, 400, 500, 400, 300, 0. వీటి మొత్తము 1,800. 40 చొప్పున ఖర్చు 72,000 రూపాయలు.

రెండవది గిరాకీ వెంట నడచుట. మేలో ఇద్దరిని పంపి, జూలైలో ఒకరిని, ఆగస్టులో ఇద్దరిని, అక్టోబరులో ఇద్దరిని చేర్చుకొనవలెను. పంపుటకు 10,000, చేర్చుటకు 20,000, వెరసి 30,000. కాగితము మీద ఇదే చౌక. కాని మర ఒక షిఫ్టులో నెలకు 750 డబ్బాలకు మించి తీయలేనిదైనచో అక్టోబరు 900 ఎక్కడ నుండి వచ్చును? అధిక గంటలు నడుపుదమన్నచో, చట్టము వర్తించు ఫ్యాక్టరీలలో ఆ గంటలకు రెండింతల కూలి ఇయ్యవలెను. అదియును గాక, మేలో పంపివేసిన మనిషి ఆగస్టు దాక ఎదురుచూచుచు కూర్చుండడు. బస్సెక్కి బెంగుళూరు చేరును. చేయి తిరిగిన మనిషి పోయినచో చెక్కలో నూనె మిగిలిపోవును. ఆ నష్టము ఏ ఖాతాలోను కనబడదు.

మూడవది నడిమి దారి. మే, జూన్, జూలైలలో ఐదుగురితో 500 చొప్పున, తరువాత మూడు నెలలు ఏడుగురితో 700 చొప్పున తీయవలెను. నిల్వలు 100, 200, 200, 200, 200, 0; మొత్తము 900, ఖర్చు 36,000. ఒకరిని పంపి ఇద్దరిని చేర్చుటకు 13,000. వెరసి 49,000. మర శక్తికి లోబడినది, సరకు కొరత లేనిది. ఆ ఒక్కరికి కాయ ఒలిచే చోట, ఏరివేత చోట మూడు నెలలు పని చూపగలిగినచో ఒక కుటుంబము వీధిన పడదు, తెలిసిన మనిషియు చేజారడు.

ఇక కాయ లెక్క. 100 కిలోల కాయలో గింజ సుమారు 70 కిలోలు. అందులో నూరింట 40 పాళ్ళు నూనె దిగినచో 28 కిలోలు. 3,600 డబ్బాలకు 54,000 కిలోల నూనె. అందుకు సుమారు 193 టన్నుల కాయ కావలెను. ఇంత సరకు ఒలిచిన గింజగా కంటె కాయగా ఉంచుటయే మేలు. బాగుగా ఎండనిది బూజు పట్టును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, బ్రెజిలు నుండి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు విషము కారణమని తేలెను; అదే అఫ్లటాక్సిను. ముందుగానే ఎండబెట్టి, శుభ్రముగా ఉంచిన గోదాములో పురుగు పుట్టుట అరుదు. పుట్టిన తరువాత మందు వేసి చంపు పాపమును తప్పును. నిల్వకు హద్దు ఉండుట 1955 నాటి నిత్యావసర సరకుల చట్టము క్రింద వచ్చు ఉత్తరువులకే గాక, పరిగ్రహ పరిమాణ వ్రతమునకును తగియున్నది.

ఈ విద్య గణితముగా రూపొందినది అమెరికాలో. ఒక రంగుల ఫ్యాక్టరీ లెక్కలను తీసుకొని హోల్ట్, మోడిగ్లియాని, సైమన్ అను ముగ్గురు 1955లో ఒక సూత్రము ప్రకటించిరి. వారిలో సైమన్‌కు 1978లోను, మోడిగ్లియానికి 1985లోను అర్థశాస్త్రములో నోబెల్ బహుమానము లభించెను. వారు కనుగొన్న సారము సామాన్యమే: నిల్వ ఖర్చును, మనుషులను మార్చు ఖర్చును ఒకే త్రాసులో తూచవలెను.

ప్రణాళిక ఒకసారి వ్రాసి పెట్టెలో పెట్టునది కాదు. నెలాఖరున చిట్టా ముగించునప్పుడే అనుకొన్న అమ్మకమును, జరిగిన అమ్మకమును ప్రక్కప్రక్కన వ్రాసి, ఒక నెల ముందుకు జరిపి మరల లెక్క కట్టవలెను. వాన తప్పిన ఏడు కాయ ధర లేచును. ఆ సంగతి ఆగస్టు ఆకాశమే చెప్పును. దీపావళి నాడు కొత్త ఖాతా పుస్తకము తెరచునప్పుడు, జరిగిన జమాఖర్చుతో పాటు రాబోవు ఆరునెలల లెక్కకును ఒక పుట కేటాయించు వర్తకునకు పండుగ నాడు కంగారు ఉండదు, అతని పనివారికి పస్తులు ఉండవు.