మర్చిస్టన్ కోటలోని లెక్కలు

స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమందు మర్చిస్టన్ అను పాత రాతికోట యొకటి కలదు. ఇప్పుడది ఒక విశ్వవిద్యాలయపు ఆవరణములో నిలిచియున్నది. 1550వ సంవత్సరమున జాన్ నేపియర్ ఆ కోటలో జన్మించెను. అతడు మంత్రగాడని ఇరుగుపొరుగువారు అనుమానించిరని చెప్పుదురు. నిజమునకు అతడు ఏకాంతమున చేసినది లెక్కలే.

ఆ కాలమున గ్రహగతులను గణించువారి శ్రమ చెప్పనలవి కాదు. ఏడేసి అంకెల సంఖ్యలను గుణింపవలెను, భాగింపవలెను. ఒక్క అంకె తప్పినచో పని యంతయు మొదటికి వచ్చును. గుణకారమును కూడికగా మార్చు మార్గమునకై నేపియర్ సుమారు ఇరువది ఏండ్లు పాటుపడెను.

అతడు రెండు బిందువులను ఊహించెను. మొదటిది ఎల్లప్పుడు ఒకే వేగముతో నడచును. రెండవది అదే వేగముతో బయలుదేరినను, గమ్యమునకు మిగిలిన దూరము తగ్గిన కొలది దాని వేగమును తగ్గుచుండును. దూరము సగమైన వేగము సగము; పదవవంతైన వేగమును పదవవంతే. ఆ మిగిలిన దూరము సంఖ్య. అంతలో మొదటి బిందువు నడచిన దూరము దాని సంవర్గమానము. సమాన కాలములలో మొదటిది సమాన దూరములు నడచును. రెండవదాని మిగులు ఒకే నిష్పత్తిలో తగ్గును. ఒకవైపు కూడిక, మరియొకవైపు గుణకారము! 1614లో ఈ పట్టికలు లాటిను భాషలో వెలువడెను.

లండనులో రేఖాగణితాచార్యుడైన హెన్రీ బ్రిగ్స్ వానిని చదివి, 1615లో నేపియరును చూచుటకై బయలుదేరెను. ఆ దినములలో అది సామాన్యమైన ప్రయాణము కాదు. ఇద్దరును కలిసికొని, మాట రాక, కొంతసేపు ఒకరినొకరు చూచుచు నిలిచిరని యొక కథ. నేపియర్ పట్టికలో సంఖ్య తగ్గిన కొలది సంవర్గమానము పెరిగెడిది. 1కి 0, 10కి 1 ఉండునట్లు మార్చుట మేలని వారు నిశ్చయించిరి. కాని నేపియర్ ఆరోగ్యము అప్పటికే చెడియుండెను. ఆ భారము బ్రిగ్స్ వహించెను.

ఈ క్రొత్త సంవర్గమానములకు రేఖాచిత్రము గీచి చూడుడు. 1 వద్ద ఎత్తు 0, 10 వద్ద 1, 100 వద్ద 2. ఒక్కొక్క ప్రమాణమునకు ఒక సెంటీమీటరు చొప్పున గీచినచో, మూడు సెంటీమీటర్ల ఎత్తునకు పది మీటర్ల కాగితము కావలెను. నాలుగింటికి నూరు మీటర్లు! అయినను రేఖ ఎన్నడును ఆగదు, క్రిందికి దిగదు. ఏలన, సంఖ్య ఎంత పెద్దదైనను వాలు సున్న కాదు; సంఖ్య రెట్టింపైన వాలు సగమగును. సహజ సంవర్గమానమున 1 వద్ద వాలు 1, 2 వద్ద అర, 10 వద్ద పదవవంతు. పది ఆధారముగా గల దానికి వీనిని 0.4343 చేత గుణింపవలెను. ఎడమవైపున సంఖ్య సున్నను సమీపించిన కొలది రేఖ పాతాళమునకు దుమికినట్లు పడిపోవును, కాని నిలువు అక్షమును తాకదు.

ఇట్లు వాలును కనుగొను విద్యకు కలనగణితమని పేరు. న్యూటన్, లైబ్నిట్జ్‌లు దానిని నిర్మించునాటికి నేపియర్ లేడు. అయినను, నడక మందగించు ఆ రెండవ బిందువులో ఉన్నది ఈ భావమే కదా! దాని వేగము సగమైనపుడు, అది ఒక జానెడు కదలులోపల మొదటిది రెండు జానలు కదలును.

బ్రిగ్స్ 1616లో మరల మర్చిస్టను వెళ్లెను. మూడవసారి వెళ్లుటకు సంకల్పించియుండగా, 1617 ఏప్రిల్ 4న నేపియర్ మరణించెను. బ్రిగ్స్ పని మానలేదు. 1 నుండి 20,000 వరకును, 90,000 నుండి లక్ష వరకును పదునాలుగు దశాంశ స్థానములతో గణించి 1624లో ప్రకటించెను. నడుమ మిగిలిన సంఖ్యలను హాలెండు దేశీయుడగు వ్లాక్ 1628లో పూరించెను.